గోపాలపట్నంలో మా డాబాకి కూల్ రూఫ్ కోటింగ్: ఒక ఎండాకాలం గడిచాక

డాబా మీద ఎండని తిప్పికొట్టే తెల్ల రంగు, అదే కూల్ రూఫ్ కోటింగ్ వేయించాం. ముందే చెప్పేస్తాను, డబ్బు దండగ కాలేదు. రోహిణి కార్తె కూడా దాటాకే రాస్తున్నాను కాబట్టి ధైర్యంగా చెప్పగలను. రాత్రి పదింటికి పై గదిలో పడుకుంటే శ్లాబు నుంచి మొహం మీదకి సెగ కొట్టడం ఆగింది. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ రంగు మీద కోపంతో కాదు, దాన్ని అమ్మే తీరు, వేసే తీరు చూసి.

మాది ఫ్లై యాష్ ఇటుకలతో కట్టిన రెండంతస్తుల ఇల్లు. పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది కాబట్టి మన వైపు బూడిద ఇటుకకి కొదవ లేదు, కొత్త ఇళ్ళు చాలావరకు వీటితోనే లేస్తున్నాయి. గోడల సంగతి తర్వాత చెప్తాను, అసలు సమస్య నెత్తి మీద ఉంది. విశాఖ 17.7 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, అంటే మే రెండో వారానికి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో దక్షిణం గోడ మీద ఎండ పడేది తక్కువ, పడేదంతా డాబా మీదే. ఐదంగుళాల కాంక్రీటు పగలంతా ఆ వేడిని తాగి, సాయంత్రం నుంచి మెల్లగా గదిలోకి వదులుతుంది. ఎండ పోయాక కూడా పై అంతస్తు వాళ్ళు ఉడికిపోయేది ఇందుకే. ఫ్యాన్ వేస్తే సీలింగు దగ్గరి వేడిగాలే కిందికి దిగుతుంది.

దీనికి తోడు మన ఊరి రాత్రులు. అనంతపురం లాంటి చోట రాత్రికి గాలి కాస్త చల్లబడుతుంది, మందపాటి గోడలు, మట్టిమిద్దెలు పగటి వేడిని ఆ చల్లగాలికి ఒదిలేసుకుంటాయి. విశాఖలో మే నెల రాత్రుల్లో ఉష్ణోగ్రత 27, 28 దాటి కిందికి దిగడం అరుదు, పైగా గాలినిండా తేమ. తాగిన వేడిని వదిలించుకునే అవకాశమే శ్లాబుకి దొరకదు. అందుకే ఇక్కడ వేడి లోపలికి వచ్చాక ఏం చేద్దామా అని చూడటం కన్నా, అసలు శ్లాబులోకి దిగకుండా పైనే తిప్పికొట్టడం మేలు. తెల్ల కోటింగ్ చేసేది అదే. పాతబడిన కాంక్రీటు తన మీద పడ్డ ఎండలో పావు వంతో, ఇంకాస్త ఎక్కువో వెనక్కి కొడుతుంది, మంచి తెల్ల కోటింగ్ కొత్తలో ముప్పాతిక వంతు పైనే కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. ఏ భాగ్యవంతుల కోసమో కాదు, రేకుల ఇళ్ళలో, పై అంతస్తుల్లో ఉండే మామూలు జనానికి అందరికన్నా ముందు అవసరమైన పని ఇది.

ఇక పనివాళ్ళ గురించి. సంస్థ పేరు రాయను, చిన్న సంస్థ, కుర్రాళ్ళు కష్టపడ్డారు. మెటీరియల్, కూలీ కలిపి చదరపు అడుగుకి 28 రూపాయలు మాట్లాడుకున్నాం. శ్లాబు కడగడం మాత్రం బాగా చేశారు. వైరు బ్రష్షుతో పిట్టగోడ మూలల్లో పాచి అంతా గీకి, పగుళ్ళు పూడ్చి, ఆరాక ప్రైమర్ వేశారు. అసలు రంగు దగ్గరికి వచ్చేసరికి తొందర మొదలైంది. బకెట్లో నీళ్ళు కలుపుతుంటే డబ్బా మీద రాసిన దానికన్నా రెట్టింపు పోస్తున్నారు.

"బాబూ, అన్ని నీళ్ళు ఎందుకు పోస్తున్నావు? డబ్బా మీద అంత రాయలేదు కదా" అన్నాను.

"పర్లేదండీ, రోలరు బాగా జారతాదండి."

రోలరు జారుతుంది నిజమే, కానీ పొర పల్చబడుతుంది, రెండు వానాకాలాలకే పెచ్చులు లేస్తుంది. ఆ బకెట్ పారబోయించి, మళ్ళీ కలిపించాను. మొదటి కోటు ఇంకా వేలికి అంటుకుంటుండగానే సాయంత్రానికి రెండో కోటు వేసేస్తామన్నారు, వద్దని మర్నాటికి వాయిదా వేయించాను. మీరు వేయించుకునేటట్టయితే ఆ రెండు పూటలూ ఇంట్లో ఎవరో ఒకరు డాబా మీదే ఉండండి. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఈ పనిలో సగం మన్నిక అక్కడే పోతుంది.

వాటర్ ట్యాంకు పక్కన రెండడుగుల పట్టీ కావాలనే రంగు వేయకుండా వదిలేయమన్నాను, తేడా కళ్ళారా చూడాలని. మే నెల మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా ఎక్కితే, తెల్లటి చోట నిలబడి మాట్లాడుకోవచ్చు, ఆ పట్టీ మీద కాలు పెట్టగానే తీసేయాల్సిందే. తెలిసిన ఏసీ మెకానిక్ దగ్గర లేజర్ థర్మామీటరు తెచ్చి చూస్తే పట్టీ మీద 58, పక్కనే తెలుపు మీద 41. అయితే పైన 17 తగ్గింది కదా అని గదిలోనూ 17 తగ్గుతుందనుకోకండి. గదిలో గాలి రెండు మూడు డిగ్రీలు తగ్గి ఉంటుంది, అంతే. అయినా ఒంటికి తెలిసే తేడా అంతకన్నా ఎక్కువ. సీలింగే చల్లబడింది కాబట్టి పైనుంచి తగిలే సెగ లేదు. ఏసీ గదిని త్వరగా పట్టుకుంటోంది, అర్ధరాత్రి కట్టేసి ఫ్యాన్ మీద తెల్లారేదాకా పడుకోగలుగుతున్నాం.

"ఇది వేస్తే ఏసీ అక్కర్లేదండీ" అని అమ్మినాయన గట్టిగా చెప్పాడు. అది మాత్రం అబద్ధం. ఉక్కపోతని ఏ రంగూ తీయలేదు. చెమట ఆరాలంటే గాలి ఆడాలి, గాలి ఆడాలంటే కిటికీలు ఉండాలి. ఈ విషయంలో మన కొత్త అపార్టుమెంట్ల మీద నాకు నిజంగా బాధ. కేంద్రం తరఫున కరెంటు, ఇంధన పొదుపు చూసే సంస్థ బీఈఈ 2018లో ఎకో నివాస్ సంహిత అని ఇళ్ళ కోసం ఒక కోడ్ తెచ్చింది. మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం ఆరో వంతు ఉండాలంటుంది అది. పొడి వేడి ప్రాంతాలకి అడిగేది పదో వంతే. ఇప్పుడు విశాఖలో ఏ ఫ్లాటు చూసినా యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) స్లైడింగ్ కిటికీలే. ఎంత పెద్దది పెట్టినా ఒక తలుపు ఇంకో తలుపు వెనక్కి జరుగుతుంది కాబట్టి తెరుచుకునేది సగమే. వెనకటి రెక్కల కిటికీలు బార్లా తెరిస్తే దాదాపు మొత్తం తెరుచుకునేవి. మధ్యాహ్నం పడమటి గాలి తగ్గి సముద్రపు గాలి తిరిగే వేళకి అవతలి గోడకి కూడా ఒక కిటికీ ఉంటే గాలి ఇల్లంతా దాటిపోతుంది. ఇల్లు కట్టుకునేవాళ్ళు మేస్త్రీతో మొదట దీని గురించే పోట్లాడాలి, రంగు తర్వాత.

గోడల సంగతి చెప్తానన్నాను. మధురవాడలో మా బావ ఏఏసీ బ్లాకులతో కట్టుకున్నాడు, అదే మేమంతా తెల్ల బ్లాకులంటాం. ఎనిమిదంగుళాల ఏఏసీ గోడలోంచి వచ్చే వేడి తొమ్మిదంగుళాల మామూలు ఇటుక గోడతో పోలిస్తే సగం కూడా ఉండదు, ఆ బ్లాకునిండా చిన్న చిన్న గాలి గదులే కాబట్టి. పడమటి గోడకి సాయంత్రం చెయ్యి ఆనిస్తే మా ఇంటికీ వాళ్ళింటికీ తేడా వెంటనే తెలిసిపోతుంది. కానీ మేకు కొడితే నిలవదు, వేరే యాంకర్లు కావాలి, పిల్లర్లు, బీములు కలిసే చోట మెష్ వేయకపోతే ప్లాస్టరింగ్ పగిలిపోతుంది. రోజూ ఏసీ వాడే ఇంటికి దానితో లాభం బాగా ఉంటుంది. ఏసీ లేని ఇంట్లో కిటికీలకి పైన చజ్జా కూడా లేకపోతే, అద్దంలోంచి వచ్చిన ఎండ అంతా లోపలే చిక్కుకుంటుంది, గోడ ఎంత మంచిదైనా ఒరిగేది తక్కువ. పడమటి కిటికీకి లోపల కర్టెన్ వేయడం కన్నా బయట వెదురు తడక వేలాడదీయడం ఎన్నో రెట్లు నయం, వేడి అద్దం దాటి రాకముందే ఆగుతుంది. మేం అది కూడా చేశాం, ఖర్చు దాదాపు లేనట్టే.

దుమ్ము గురించి ఎవరూ చెప్పరు. మా అక్క వాళ్ళు మల్కాపురంలో ఇలాంటి కోటింగే వేయించారు, పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు ధూళికి ఏడాది తిరక్కుండానే బూడిద రంగుకి తిరిగింది. తెలుపు పోతే చలవ కూడా పోతుంది. వాళ్ళు ఎండాకాలం ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి మెత్తటి చీపురుతో కడిగితే చాలావరకు మళ్ళీ తెల్లబడింది. పోర్టు చుట్టుపక్కల, గాజువాక వైపు ఉండేవాళ్ళు ఈ చాకిరీ కూడా లెక్కలో వేసుకోండి. ఇంకోటి, మిట్టమధ్యాహ్నం ఆ తెలుపు కళ్ళలో పొడుస్తుంది. బట్టలు ఆరేయడానికి ఎక్కితే నల్ల కళ్ళద్దాలు పెట్టుకోవాల్సిందే, పక్కన మనకన్నా ఎత్తు భవనం ఉంటే వాళ్ళ కిటికీల్లోకి కూడా కొడుతుంది, ముందే ఒక మాట చెప్పి ఉంచితే మంచిది.

అంత డబ్బు పెట్టలేని వాళ్ళకి సున్నం ఉంది. ఘాటుగా కలిపి, కాస్త జిగురు వేసి రెండు పూతలు పూస్తే ఆ ఎండాకాలానికి ఇంచుమించు ఇదే పని చేస్తుంది, వానలకి పోతుంది, ఏటా వేసుకోవాలి. రేకుల ఇంటికైతే నా సలహా ముందు సున్నమే. కొత్తగా కట్టేవాళ్ళు మాత్రం రంగుతో ఆగకండి. ఉత్త కాంక్రీటు శ్లాబు యూ వాల్యూ 3 పైన ఉంటుంది, అంటే చదరపు మీటరుకి ఒక్కో డిగ్రీ తేడాకి అన్ని వాట్ల వేడి లోపలికి దిగుతుందన్నమాట. సంహిత అడిగేది 1.2కి మించొద్దని. శ్లాబు మీద అంగుళం పైచిలుకు ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి నురగ పలక) పరిచి పైన టైల్స్ వేస్తే ఆ లెక్క వచ్చేస్తుంది, దుమ్ము పడ్డా దాని పని ఆగదు. కట్టేటప్పుడైతే తేలిక, కట్టేశాక ట్యాంకులు, పైపులు అన్నీ కదపాలి.

వేయించుకోవాలనుకుంటే మాఘ, ఫాల్గుణాల్లో వేయించండి, శ్లాబు పూర్తిగా ఆరి ఉంటుంది, ఎండ ముదరకముందే పని అయిపోతుంది. కొనేముందు డబ్బా మీద "కూల్" అన్న మాట చూసి సరిపెట్టుకోకుండా ఎండని ఎంత తిప్పికొడుతుందో, ఎమిటెన్స్ (పట్టిన వేడిని బయటికి వదిలేసే గుణం) ఎంతో, ఆ రెండూ కలిపి ఎండలో ఎంత చల్లగా ఉంటుందో చెప్పే ఎస్ఆర్ఐ అంకె ఎంతో రాసిన ల్యాబ్ రిపోర్టు అడగండి. అది చూపించలేనివాడు మామూలు తెల్ల వాటర్‌ప్రూఫింగ్ రంగునే ఎక్కువ ధరకి అమ్ముతూ ఉండొచ్చు. వారంటీ కాగితంలో పెచ్చులూడటం ఉందో, లీకేజీ ఒక్కటే ఉందో కూడా చదవండి, మాకిచ్చిన దాంట్లో లీకేజీ ఒక్కటే ఉంది, అడిగితే పెచ్చుల సంగతి చేత్తో రాసి స్టాంపు వేసిచ్చారు.