తీర్పు తర్వాత జనాభిప్రాయం: పాతవాళ్లనే అడగాలా, కొత్తవాళ్లనా?

ఆరోగ్య పథకంపై కోర్టు తీర్పుకు ముందూ వెనకా ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు సర్వే చేయాలంటే దారులు రెండు: రెండో విడతలో మొదట అడిగిన పాతవాళ్లనే అడగడం, లేదా వేరే కొత్తవాళ్లను అడగడం.

కొత్తవాళ్లను అడిగే పద్ధతి చవక. కానీ 400 మందిని అడిగితే అటూ ఇటూ 5 శాతం తేడా మామూలే. రెండు విడతలను పోల్చేసరికి అది 7 అవుతుంది. మద్దతు 4 శాతం పెరిగిందని సంబరపడితే, అది వట్టి లెక్క ఊగిసలాటే కావచ్చు.

పాతవాళ్లనే మళ్లీ అడిగితే ఎవరు ఎటు మారారో మనిషి మనిషికీ తెలుస్తుంది. కానీ తీర్పు ఏమిటో అందరికీ తెలియదు. అమెరికాలో 2012 జూన్ 28న సుప్రీంకోర్టు 5-4 తీర్పు ఆరోగ్య చట్టాన్ని చాలావరకు నిలబెట్టింది. ఆ వెంటనే ప్యూ అనే పరిశోధన సంస్థ చేసిన సర్వేలో, చట్టం నిలిచిందని సరిగ్గా చెప్పినవాళ్లు 55 శాతమే. అందుకే ముందు 'తీర్పు ఏమొచ్చింది?' అని అడిగి, ఆ తర్వాతే అభిప్రాయం అడగాలి.

ఇక్కడి చిక్కు వలస. గంజాం జిల్లా మగవాళ్లు సూరత్ మరమగ్గాలకు వెళ్లిపోతే రెండో విడతకు ఇంట్లో ఆడవాళ్లు, ముసలివాళ్లే మిగులుతారు; మారింది అభిప్రాయం కాదు, మనుషులు. మొదటి రోజే రెండు ఫోన్ నంబర్లు రాసుకోవాలి. ఒకసారి అడిగించుకున్నవాళ్లు వార్తలు ఎక్కువ గమనిస్తారు, అదీ ఒక లోపమే.

ఏ దారైనా ప్రశ్న మాట మార్చకూడదు. ఒడిశాలో బిజు స్వాస్థ్య కల్యాణ్ అనే ఆరోగ్య పథకం పేరు గోపబంధు జన ఆరోగ్యగా మారింది. పేరుతో అడిగితే జవాబు పార్టీ వైపు జారుతుంది. 'ఆసుపత్రి కార్డు' అనండి చాలు.

డబ్బుంటే 300 మంది పాతవాళ్లు, 150 మంది కొత్తవాళ్లు కలిపితే మేలు. లేకపోతే పాతవాళ్లకే మా ఓటు.