గుంటూరులో జేసీబీ మాట్లాడుకునేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి

పట్టాభిపురం, బ్రాడీపేట వైపు సంపు తవ్వించాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. కాంట్రాక్టర్ పేరు రాయను, అలాంటివాళ్లు ఒక్కరే కాదు.

పోయిన నెల మా ఇంటి ముందు సంపు గుంత తవ్వించాం. అందరికంటే రేటు తక్కువ చెప్పాడు, 5,000 అడ్వాన్స్ తీసుకున్నాడు. కింద లైన్లు ఉన్నాయేమో చూశారా అంటే, "యాప్‌లో చూశా సార్, ఏం లేవు" అన్నాడు. కేంద్రం 2023లో తెచ్చిన 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ సంగతి. ఏదీ చూపించండి అంటే ఫోన్‌లో ఛార్జింగ్ లేదట! అప్పుడే పని ఆపాల్సింది. అడ్వాన్స్ ఇచ్చేశాను కదా, మొహమాటపడ్డా.

ఆ యాప్ ఓసారి చూసి జేబులో పెట్టుకునేది కాదని తర్వాత తెలిసింది. తవ్వే చోటు అందులో పెడితే అక్కడ లైన్లున్న సంస్థలకు కబురు వెళ్తుంది. వాళ్ల జవాబు వచ్చాకే తవ్వాలి. పక్క అపార్ట్‌మెంటువాళ్లు ఎప్పుడో వేయించుకున్న కరెంటు సర్వీస్ కేబుల్ గురించి మాత్రం ఆ అపార్ట్‌మెంటువాళ్లనే అడగాలి. మా కొంప ముంచింది అదే.

మాది నల్లరేగడి. రెండడుగులు దిగేసరికి బకెట్‌లో నల్లమట్టి మధ్య తెల్లగా ఇసుక చార కనపడింది. మట్టెత్తే అక్క "ఇసకేంది బాబూ ఇక్కడ?" అంది కూడా. జేసీబీకి గంట లెక్కన డబ్బు, ఆపరేటర్ ఆగితేగా! తర్వాతి బకెట్‌లో ఎర్ర ఇటుక ముక్కలు. ఆ పైన టప్ మని చప్పుడు, నీలంగా ఓ మెరుపు, కాలిన వాసన. పక్క అపార్ట్‌మెంటులో లిఫ్ట్ ఆగిపోయింది, లోపల ఓ పెద్దాయన.

కేబుల్ వేసేటప్పుడు చుట్టూ ఇసుక పోసి, పైన ఇటుకలు పేరుస్తారు. రేగడిలో ఇసుక కనపడిందంటే మెషీన్ అక్కడికక్కడ ఆపేయాలి. మామూలుగా ఎల్‌టీ కేబుల్ (ఇళ్లకి వచ్చే తక్కువ వోల్టేజీది) 75 సెంటీమీటర్ల లోతున, 11 కేవీది (11 వేల వోల్టులది) 90 సెంటీమీటర్ల లోతున వేయాలి. రోడ్లు ఎత్తు పెంచీ చెక్కీ ఆ లెక్క ఎక్కడా మిగల్లేదు, నమ్మొద్దు.

ఆపరేటర్ కిందకి దూకబోతుంటే అపార్ట్‌మెంటు ఎలక్ట్రీషియన్ అరిచి ఆపాడు. బకెట్ కేబుల్‌కి తగిలి ఉన్నంతసేపు మెషీన్‌లో కరెంటు ఉండొచ్చు. మంటలు రాకపోతే సీట్లోనే కూర్చోవాలి, కింద ఉన్నవాళ్లు దూరంగా జరగాలి. ఈలోగా వాచ్‌మన్ ఫ్యూజు మళ్లీ పెట్టబోయాడు. చేయి పట్టుకుని లాగాం. కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912కి ఫోన్ చేసి, లైన్ ఆపించాకే ఊపిరి పీల్చుకున్నాం.

కేబుల్ జాయింట్‌కి 18,500 అయింది. కాంట్రాక్టర్ మాట: "లైన్ ఉందని మీరు చెప్పలేదు సార్." ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే, లైన్ తెగితే ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. ముందు పారతో చిన్న గుంత తీయించి చూడండి, గడ్డపార దించొద్దు. దగ్గర్లో గ్యాస్ పైపు గుర్తు రాయి కనపడితే దాని మీద ఎమర్జెన్సీ నంబర్ ఉంటుంది, మొదట వాళ్లని అడగండి.

నిన్న మా వెనక వీధిలో అదే జేసీబీ కనపడింది. బకెట్‌లో మట్టి ఇంకా నల్లగానే ఉంది. ఆ ఇంటావిడకి చెప్పి వచ్చా.