గోడో ఆటలకు గిట్ ఎల్ఎఫ్ఎస్: చాలాకాలం వాడాక

ఒకరు కూకట్‌పల్లిలో మోడళ్లు చేస్తుంటే ఇంకొకరు ఎల్బీనగర్‌లో శబ్దాలు కలిపే మాలాంటి బృందాలకు డ్రైవ్ ఫోల్డర్ ఎక్కువకాలం ఆగదు. ఆటోరిక్షా మోడల్‌కు 'ఆటో ఫైనల్', 'ఆటో ఫైనల్ కొత్తది' అనే ఫైళ్లు పక్కపక్కన చేరాక ఆటలో ఉన్నది ఏదో ఎవరూ చెప్పలేరు. ఆటలు తయారుచేసే ఇంజిన్ గోడో 4తో చేసే ప్రాజెక్టుకు గిట్ ఎల్ఎఫ్ఎస్ ఈ బాధ తీరుస్తుంది. గిట్ ఫైళ్లలో మార్పులన్నీ దాచిపెట్టే సాధనం, ఎల్ఎఫ్ఎస్ అందులో పెద్ద ఫైళ్లను విడిగా దాచే పొడిగింపు. ముగ్గురు నలుగురు పనిచేసే చోట గట్టిగా సిఫారసు చేస్తాను.

అయితే మొదటి కమిట్‌కు (మార్పులను గిట్‌లో నమోదు చేయడానికి) ముందే అమర్చుకోవాలి. గిట్ ప్రాజెక్టులను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలును మామూలు గిట్‌లో తీసుకోదు. ఫైలును తర్వాత తీసేసినా పాత కమిట్లలో ఉండిపోతుంది కాబట్టి పుష్ (సర్వర్‌కు పంపడం) ఆగిపోతూనే ఉంటుంది. 'గిట్ ఎల్ఎఫ్ఎస్ మైగ్రేట్ ఇంపోర్ట్'తో హిస్టరీ తిరగరాసి, అందరూ ప్రాజెక్టును మళ్లీ క్లోన్ (పూర్తిగా కాపీ) చేసుకోవాల్సి వస్తుంది. బొమ్మల పీఎన్‌జీ, శబ్దాల వేవ్, 3డీ మోడళ్ల బ్లెండ్, జీఎల్‌బీ ఫైళ్లను ఎల్ఎఫ్ఎస్‌తో ట్రాక్ చేయండి. సీన్ ఫైళ్లు టెక్స్టే, వాటిని మామూలు గిట్‌లోనే ఉంచితే మార్పులు వరుసవారీగా కనిపిస్తాయి.

కొత్తగా చేరినవారికి బొమ్మలేవీ ఇంపోర్ట్ కాకపోతే ముందు ఫైలు సైజు చూడండి. 130 బైట్ల దగ్గర ఉంటే అది బొమ్మ కాదు, అసలు ఫైలును సూచించే చిన్న పాయింటర్ మాత్రమే. 'గిట్ ఎల్ఎఫ్ఎస్ ఇన్‌స్టాల్', తర్వాత 'గిట్ ఎల్ఎఫ్ఎస్ పుల్' ఇస్తే సరిపోతుంది.

నాకు బాగా నచ్చింది లాక్, అంటే ఒకరు పనిచేస్తున్న ఫైలును ఇంకొకరు మార్చకుండా ఆపడం. ఇద్దరు మార్చిన బ్లెండ్ ఫైళ్లను గిట్ కలపలేదు, ఒకరి పని పోవాల్సిందే. ట్రాక్ చేసేటప్పుడే 'లాకబుల్' అని చేరిస్తే, లాక్ తీసుకునేదాకా ఫైలు రీడ్ ఓన్లీగా ఉంటుంది. పని అయ్యాక అన్‌లాక్ మర్చిపోతే మాత్రం మిగతావాళ్లు ఎదురుచూడాలి.

అసలు లోటు స్థలం. 40 ఎంబీ బ్లెండ్‌లో ఒక్క ఆటో చక్రం కదిపి కమిట్ చేసినా మరో 40 ఎంబీ కోటాలోంచి పోతుంది. 'ప్రూన్' మన కంప్యూటర్‌లోని పాత కాపీలనే తీస్తుంది, సర్వర్‌వి కాదు. అందుకే రోజువారీ మార్పులన్నీ కమిట్ చేయకండి, మోడల్ ఒక కొలిక్కి వచ్చాకే చేయండి.

గోడో వైపు జాగ్రత్తలు వేరు. ఇంపోర్ట్ సెట్టింగులు ఉండే డాట్ ఇంపోర్ట్ ఫైళ్లను, గోడో 4.4 నుంచి వచ్చిన యూఐడీ (గుర్తింపు) ఫైళ్లను కమిట్ చేయాలి. డాట్ గోడో ఫోల్డర్‌ను ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోనివాటి జాబితాలో) పెట్టాలి. పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే ఉంచండి. చార్మినార్ టెక్స్చర్ పేరులో ఒక్క పెద్ద అక్షరం తేడా ఉన్నా విండోస్ ఎడిటర్‌లో నడుస్తుంది, ఎక్స్‌పోర్ట్ చేసిన ఆటలో ఫైలే దొరకదు.

బయటినుంచి తెచ్చిన ప్రతి ఫైలు పక్కనా లైసెన్స్, రచయిత పేరు, లింకు రాసిన టెక్స్ట్ ఫైలు పెట్టండి. క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సుల్లో సీసీ జీరోకు రచయిత పేరు చెప్పనక్కర్లేదు, సీసీ బైకి చెప్పి తీరాలి. ఎన్‌సీ (వాణిజ్యేతర వాడకానికే) అని ఉన్న బస్సు హారన్ శబ్దాన్ని అమ్మే ఆటలో వాడకూడదు. నోటో సాన్స్ తెలుగు వంటి ఓఎఫ్ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్స్) ఫాంట్‌ను ఆటతో ఇస్తే దాని లైసెన్స్ పాఠం కూడా ఇవ్వాలి.