భూమిని దాటిపోయే నౌకను పట్టుకోవాలంటే: హొరైజన్స్‌తో నా అనుభవం

భూమి పక్కనుంచి దూసుకుపోయే వ్యోమనౌకను టెలిస్కోపులో చూడాలంటే, అది ఏ నిమిషానికి ఆకాశంలో ఎక్కడుంటుందో ముందే తెలియాలి. ఉపగ్రహాలు చూపించే ఫోన్ యాప్‌లు ఇక్కడ పనికిరావు. అవి భూమి చుట్టూ తిరిగేవాటి కక్ష్యల మీదే నడుస్తాయి. నాసా వారి జేపీఎల్ (జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ) నడిపే హొరైజన్స్‌ను ఏళ్ల తరబడి వాడుతున్నాను. గ్రహాలూ నౌకలూ ఏ సమయానికి ఆకాశంలో ఎక్కడుంటాయో లెక్కగట్టి పట్టికగా ఇచ్చే వెబ్‌సైటు ఇది. ఉచితం, ఖాతా అక్కర్లేదు. ఇంతకంటే నమ్మదగ్గది నాకైతే దొరకలేదు.

ఇందులో నౌకల నంబర్లన్నీ మైనస్‌లో ఉంటాయి. గురుగ్రహం చందమామల దగ్గరికి వెళ్లే జ్యూస్ -28, గ్రహశకలాల వైపు వెళ్లే లూసీ -49, బుధగ్రహానికి వెళ్లే బెపికొలంబో -121. నంబరు కొట్టాక అసలు జాగ్రత్త పరిశీలన స్థలం దగ్గర. మనం మార్చకపోతే భూకేంద్రం నుంచి లెక్క వస్తుంది. పట్టిక బాగానే ఉంటుంది, నౌకే కనిపించదు. లక్ష కిలోమీటర్ల దూరంలో ఉన్నదానికి భూకేంద్రం లెక్కకీ మన డాబా మీది లెక్కకీ మూడున్నర డిగ్రీల దాకా తేడా రావచ్చు. అంటే ఏడు పున్నమి చంద్రుళ్లను వరుసగా పేర్చినంత! 2024 ఆగస్టు 20న జ్యూస్ 6,840 కి.మీ. ఎత్తులో వెళ్లింది. అంత దగ్గర్లో హైదరాబాదుకు వేసిన లెక్క విశాఖకు కూడా చెల్లదు. మీ ఊరి అక్షాంశ రేఖాంశాలే ఇవ్వండి. ఎత్తు కిలోమీటర్లలో అడుగుతుంది, హైదరాబాదుకైతే 0.5.

పట్టికలో నేను మొదట చూసేది కదలిక వేగం. ఇది ఆర్క్‌సెకన్లలో ఉంటుంది, అంటే డిగ్రీలో 3,600వ వంతు. గంటకు 36,000 ఆర్క్‌సెకన్లంటే సెకనుకు 10. మీ కెమెరాలో పిక్సెల్‌కు 2 ఆర్క్‌సెకన్లయితే, నౌక వెలుగు ఒక్కో పిక్సెల్ మీద సెకనులో ఐదోవంతే నిలుస్తుంది. ఎక్స్‌పోజర్ పెంచితే గీత సాగుతుందంతే, వెలుగు పెరగదు. అందుకే నౌక రాబోయే చోటికి టెలిస్కోపు ముందే తిప్పి, చిన్న చిన్న ఫొటోలు వరసగా తీస్తాను.

లోటు కూడా ఉంది. నౌకల ప్రకాశం ఇది చెప్పదు, ఆ గడి ఖాళీయే. పైగా రాబోయే తేదీలకు ఇచ్చేది అంచనా మార్గం. దారి సవరించడానికి ఇంజిన్ మండించారంటే పాత పట్టిక పనికిరాదు. ముందురోజు మళ్లీ తీసుకోవాల్సిందే.

ఆకాశంలో తెలియని చుక్క కదిలితే కూడా ఇందులో వెతకడం మంచిది. 2007 నవంబరులో భూమి వైపు వస్తున్న రొసెట్టా అనే తోకచుక్క పరిశోధన నౌకను గ్రహశకలం అనుకుని 2007 వీఎన్84 అని పేరు పెట్టేశారు, ఆ తర్వాత రద్దు చేశారు.

2026 సెప్టెంబరులో జ్యూస్, డిసెంబరులో గురుగ్రహం చందమామ యూరోపా కోసం వెళ్లే యూరోపా క్లిప్పర్ (-159) భూమిని దాటాల్సి ఉంది. వాటి పట్టికలు తీసేటప్పుడు టైమ్ జోన్ దగ్గర +05:30 పెట్టుకుంటే మన గడియారం సమయాలే వస్తాయి.