కంప్సిల్యూరానా, సైజెనిసా: గొంగళి పురుగుల మీదికి ఏ ఈగ మేలు?

"ఊజీ ఈగ పట్టుపురుగునే చంపుతోంది కదా, దాన్నే పెంచి పంటల మీది గొంగళి పురుగుల పైకి వదిలితే?" మల్బరీ రైతులు ఈ మాట పదేపదే అడుగుతున్నారు. ఊజీ కుటుంబానికే చెందిన రెండు ఈగలను ఉత్తర అమెరికాలో నిజంగానే వదిలి చూశారు. వాటిని పక్కపక్కన పెడితే జవాబు దొరుకుతుంది.

కంప్సిల్యూరాను 1906లో యూరప్ నుంచి అమెరికాకు తెచ్చి, చెట్ల ఆకులు తినేసే స్పాంజీ మాత్ అనే రెక్కల పురుగు మీదికి వదిలారు. ఆడ ఈగ గొంగళి పురుగు చర్మాన్ని చీల్చి, పిల్లపురుగునే నేరుగా లోపలికి దింపుతుంది. నూగు తగిలితే దద్దుర్లు లేచే బ్రౌన్‌టెయిల్ మాత్‌ను చాలాచోట్ల అణచింది ఇదే. ఆ మేలును నేను కాదనను.

అయితే స్పాంజీ మాత్‌కు ఏడాదికి ఒక్కటే తరం. ఈ ఈగకు అంతకంటే ఎక్కువ. మిగతా తరాలకు తిండి ఎక్కడిది? కంటబడిన మరో గొంగళి పురుగే. అమెరికా అడవిలోని సెక్రోపియా అనే పట్టుపురుగు, మన దసలి పట్టుపురుగు ఒకే కుటుంబం. మసాచుసెట్స్‌లో 500 సెక్రోపియా పురుగులను చెట్ల మీద ఉంచి గమనిస్తే, ఒక్కటి కూడా గొంగళిగా చివరిదైన అయిదో దశ దాటి బతకలేదు. దశలవారీగా విడిగా ఉంచి చూసిన పురుగుల్లో, తొలి మూడు దశల చావుల్లో 81 శాతం కంప్సిల్యూరా వల్లేనని 2000లో వెల్లడైంది. నాకు ఈ ఒక్క లెక్క చాలు.

సైజెనిస్ తీరు వేరు. గొంగళి కొరికిన ఆకు అంచున చిన్న గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. చెట్ల ఆకులు తినే వింటర్ మాత్ అనే మరో రెక్కల పురుగు పిల్ల, ఆకుతో పాటు ఆ గుడ్డునూ మింగుతుంది. అది కడుపులోనే పొదిగి, పురుగు మట్టిలోకి దిగి ప్యూపా అయ్యాక దాన్ని తినేసి, వసంతం దాకా అక్కడే ఉంటుంది. ఇద్దరికీ ఏడాదికి ఒకే తరం కాబట్టి వేరే పురుగు కోసం వెతకాల్సిన అవసరమే రాదు. 1950లలో కెనడాలోని నోవా స్కోషియాలో వదిలితే, పదేళ్లకు అటూ ఇటుగా వింటర్ మాత్ అణిగింది. 2005 నుంచి మసాచుసెట్స్‌లోనూ దీన్నే నమ్ముకున్నారు. ఫలితానికి ఏళ్లు పడుతుంది, నిజమే. అయినా నా ఓటు దీనికే.

మరి మన పంటల మీది గొంగళి పురుగులకు? ట్రైకోగ్రామా అనే చిట్టి కందిరీగలను అంటించిన కార్డులు పురుగు గుడ్డు దశలోనే పని ముగిస్తాయి, అవి వాడుకోవచ్చు.

ఊజీ ఈగను మాత్రం వదలవద్దు. మల్బరీ పురుగుకైతే గది ఉంది, కిటికీకి వల కట్టవచ్చు. మద్ది చెట్ల మీద ఆరుబయట పెరిగే దసలి పురుగుకు ఏ వల కడతాం?