వెండి తాపీ, తాళంచెవి, కత్తెర: ఏది మేలు?

ప్రజాధనంతో కట్టిన భవనం పూర్తయిన రోజున ముఖ్య అతిథి చేతికి ఏ పనిముట్టు అందించాలన్నది చిన్న విషయంగానే కనిపిస్తుంది. అయితే షామియానాలు విప్పేసి, పూలదండలు వాడిపోయాక ఆనాటి ఉత్సవానికి గుర్తుగా మిగిలేవి శిలాఫలకమూ ఆ పనిముట్టూ మాత్రమే కనుక, ఆ ఎంపికకు కొంత ఆలోచన అవసరమే. ఆచారంలో ప్రధానంగా కనిపించేవి మూడు: తాపీ, తాళంచెవి, కత్తెర.

కత్తెర సంగతి త్వరగా తేలిపోతుంది. 1932 మార్చి 19న సిడ్నీ హార్బర్ వంతెన ప్రారంభోత్సవంలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి వంటి పదవి) జాక్ లాంగ్ బంగారు కత్తెరతో రిబ్బను కత్తిరించవలసి ఉండగా, ఫ్రాన్సిస్ డి గ్రూట్ అనే వ్యక్తి గుర్రం మీద వచ్చి, కత్తి దూసి దాన్ని ముందే తెంపేశాడు. నిర్వాహకులు రిబ్బనును మళ్ళీ కట్టించి, లాంగ్ చేత కత్తిరింపజేయవలసి వచ్చింది. అసలు రిబ్బను కట్టడంలో భాగమే కాదు, కోయడం కోసమే అడ్డంగా కట్టినది. కాబట్టి దాన్ని కోసే కత్తెర ఎంత ఖరీదైనదైనా, ఆ భవనానికి గాని వంతెనకు గాని చెందిన వస్తువు అనిపించుకోదు.

తాళంచెవికి అంతకంటె అర్థముంది. 1927 జనవరి 18న ఢిల్లీలో పార్లమెంటు భవనాన్ని ప్రారంభించినప్పుడు, వాస్తుశిల్పి హెర్బర్ట్ బేకర్ అందించిన బంగారు తాళంచెవితో వైస్రాయ్ ఇర్విన్ తలుపు తెరిచాడు. అదే ఏడాది మే 9న కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియా పార్లమెంటు భవనం తలుపును బ్రిటిష్ రాజకుమారుడు యార్క్ డ్యూక్ కూడా బంగారు తాళంచెవితోనే తెరిచాడు. కట్టినవాడు తన బాధ్యతను వాడుకునేవారికి అప్పగించే క్షణాన్ని ఇంత స్పష్టంగా చూపే పనిముట్టు మరొకటి లేదు. గృహప్రవేశం నాడు గడప దాటడానికి ప్రాధాన్యమిచ్చే మనకు ఇందులోని ఔచిత్యం వేరే చెప్పనక్కరలేదు. అయితే మర్నాటి ఉదయం అదే తలుపును కాపలాదారు తన గుత్తిలోని మామూలు చెవితో తెరుస్తాడు. అలంకారపు చెవి మఖ్మలు పెట్టెలోకి వెళ్ళిపోతుంది. పైగా దాని సన్నని కాడ మీద నాలుగు పేర్లు చెక్కడానికి చోటుండదు.

తాపీ విషయానికొస్తే, శంకుస్థాపనలో అతిథి చేతికిచ్చే వెండి తాపీలు పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌లో విరివిగా తయారయ్యాయి. ఆకు ఆకారపు వెండి రేకు, దంతం లేదా కర్ర పిడి, రేకు మీద అతిథి పేరూ తేదీ, చాలాసార్లు వాస్తుశిల్పి, కాంట్రాక్టరుల పేర్లు కూడా ఉంటాయి. ఓ మూల వెండి నాణ్యతను తెలిపే సింహం ముద్ర, బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినదైతే లంగరు గుర్తు కనిపిస్తాయి. అంటే ఆ రేకును చదవగలిగినవారికి అది చిన్నపాటి శాసనమే.

దీని మన్నికకు వాషింగ్టన్ నగరంలోని కాపిటల్ భవనమే, అంటే అమెరికా చట్టసభల భవనమే, సాక్ష్యం. 1793 సెప్టెంబరు 18న జార్జ్ వాషింగ్టన్ దానికి మూలరాయి వేసినప్పుడు వెండి తాపీ వాడాడు. రాతి కింద చెక్కిన వెండి పలకను కూడా ఉంచారు. తర్వాతి కాలంలో ఎంత వెతికినా ఆ మూలరాయి ఎక్కడుందో తేలలేదు. తాపీ మాత్రం భద్రంగా ఉండి, 1959 జూలై 4న అదే భవనపు తూర్పు ముఖం విస్తరణకు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మూలరాయి వేసినప్పుడు మళ్ళీ పనికి వచ్చింది. ఒకసారి తలుపు తెరిచాక చెవికి ఇలాంటి రెండో పని దొరకడం కష్టం.

తాపీ శంకుస్థాపనకు చెందినది గాని పూర్తయిన భవనానికి కాదన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ కట్టడానికి మొదటి రాయి ఉన్నట్టే చివరి రాయీ ఉంటుంది. 1884 డిసెంబరు 6న వాషింగ్టన్ స్మారక స్తంభం పూర్తయింది శిఖరపు రాయిని, దాని మీద అల్యూమినియం కొనను అమర్చడంతోనే. ఆనాడు అల్యూమినియం దాదాపు వెండితో సమానమైన ధర పలికేది! అందువల్ల ప్రారంభోత్సవం నాడు ప్రవేశద్వారం పక్కన ఒక్క రాయికి ఖాళీ వదిలి, దాన్ని అతిథి చేత సున్నంతో అమర్పించవచ్చు. వెండి మెత్తన కనుక రాయిని నిజంగా కూర్చేది మేస్త్రి చేతిలోని ఉక్కు తాపీయే. వెండిది పైన ఓసారి సున్నం పులుముతుంది, అంతే.

నా వరకు నేను ఒక పురపాలక గ్రంథాలయానికి సలహా చెప్పవలసి వస్తే, తాపీనే చేయించమంటాను. దాన్ని విభూతితో మెత్తగా తుడవాలే తప్ప గట్టిగా తోమకూడదు. తోమిన కొద్దీ అక్షరాలు అరిగిపోతాయి. ఆ అక్షరాల్లో అతిథి పేరుతో పాటు, గోడలు లేపిన తాపీ మేస్త్రి పేరునూ అదే పరిమాణంలో చెక్కించాలి. చెవి మీద ఆ రెండో పేరుకు చోటు చాలదు.