మైనేత సైట్: ఎమ్మెల్యే ఆస్తుల జాతకం

దస్తావేజులు రాసుకుని బతికేవాణ్ణి. కాగితం మీద భూమి కనిపిస్తే సర్వే నంబరు, విస్తీర్ణం, కొన్న తేదీ చూడందే వదల్లేను. అందుకే ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ సంస్థ నడిపే మైనేత సైట్ నాకు బాగా పట్టింది. అభ్యర్థులు నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్లను ఇందులో పట్టికలుగా పెడతారు. కేసులు, చదువు, ఆస్తులు, అప్పులు ఓటరుకు తెలియాలని సుప్రీంకోర్టు 2002లో చెప్పి, 2003లో మళ్లీ గట్టిగా చెప్పాకే ఇవన్నీ బయటికొచ్చాయి. మొదట కోర్టుకెక్కింది కూడా ఈ ఏడీఆర్ వాళ్లే.

అభ్యర్థి పేజీలో ‘అదర్ ఎలక్షన్స్’ అని చిన్న పట్టిక ఉంటుంది. నేను ముందు చూసేది అదే. 2014, 2019, 2024లో ఒకే మనిషి ఎంత ఆస్తి చూపించాడో, ఎన్ని కేసులు రాశాడో ఒకచోటే కనిపిస్తాయి. మధ్యలో పార్టీ మారితే అదీ తెలిసిపోతుంది.

అంకె పెరిగిందని వెంటనే తిట్టుకోకండి. ఫారంలో ఇప్పటి మార్కెట్ విలువ రాయాలి కాబట్టి, పక్కనుంచి బైపాస్ పడితే అదే ఐదెకరాలు కోట్లవుతాయి. అసలు అఫిడవిట్ తెరిచి చూడండి. వారసత్వమా కాదా, ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, దేనికదే విడి గడి ఉంటుంది. పాత అఫిడవిట్‌లో లేని సర్వే నంబరు కొత్తదాంట్లో వస్తే అక్కడ ఆగాలి. భార్య కాలమ్ కూడా చదవాలి, చాలామంది అది దాటేస్తారు. బంగారం తూకం మారకుండా విలువే పెరిగితే మాత్రం గొడవేం లేదు, రేటు అలా ఉంది మరి.

ఇబ్బందులూ ఉన్నాయి. పట్టికలన్నీ ఇంగ్లిష్‌లోనే. చేత్తో రాసిన అఫిడవిట్ స్కాన్ అయితే కళ్లు లాగుతాయి. ఒక ఎన్నికలో ఇంటిపేరు ముందు, ఇంకో ఎన్నికలో వెనక రాస్తారు కాబట్టి పేరుకన్నా నియోజకవర్గంతో వెతకడం మేలు. అదీ పాతవాళ్ల విషయంలో చిక్కే, నియోజకవర్గాల పునర్విభజన జరిగి 2009 ఎన్నికల నుంచి హద్దులు మారిపోయాయి. ఇంకోటి, ఇందులో ఉన్నది అభ్యర్థి ప్రమాణం చేసి చెప్పింది మాత్రమే, సైట్ వాళ్లు తేల్చింది కాదు. తప్పు రాస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

నాకు పెద్ద లోటు అనిపించేది వేరే ఉంది. సభకు ఎన్ని రోజులు వచ్చాడు, ఏం అడిగాడు అన్నది ఇందులో దొరకదు. ఎంపీలకైతే, చట్టసభల పనితీరును గమనించే పీఆర్‌ఎస్ సంస్థ సైట్‌లో హాజరు, ప్రశ్నలు చూడొచ్చు. మన ఎమ్మెల్యే పొలం గట్లన్నీ తెలుస్తాయి గానీ, అసెంబ్లీలో నోరు విప్పాడో లేదో తెలీదు.

ఐదుకు నాలుగిస్తాను. ఫోన్‌లో పట్టికలు ఇరుకుగా ఉంటాయి, కంప్యూటర్‌లో చూడండి.